దార్లో పాడవని వెలుగు

మొన్న శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి. నాన్న డాబా మీద పడక్కుర్చీలో కూర్చుని సిరియస్‌ని, అదే మన మృగవ్యాధుణ్ణి, చూస్తున్నారట. "అక్కణ్ణించి వెలుతురు రావడానికి ఎనిమిదేళ్ళ పైన పడుతుందంటావు గదా, దార్లో పాడవదుట్రా?" అని అడిగారు. ఏదో సర్దిచెప్పాను గానీ ప్రశ్న నన్ను వదల్లేదు.

తమాషా ఏమిటంటే, ఈ ప్రశ్న చరిత్రలో సిరియస్‌కీ చోటుంది. నీలగిరుల్లోని అరువంకాడులో పుట్టిన హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ అనే మరొకాయనా కలిసి ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో, సైన్యం వాడిన రెండు సెర్చిలైటు అద్దాల్ని ఆ నక్షత్రం వైపు తిప్పారు. రెండు అద్దాల మీదా పడే వెలుతురు హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని 1956లో ప్రకటించారు. ఫోటాన్లు అలా జతకూడి రావడం అసాధ్యమని చాలామంది భౌతికశాస్త్రజ్ఞులు కొట్టిపారేశారు. కొలత మాత్రం నిలబడింది. 1963లో గ్లౌబర్, కేరళలో పుట్టిన మన సుదర్శన్ కాంతికి సరైన క్వాంటం లెక్కలు రాశాక ఆ గొడవ సద్దుమణిగింది.

ఎనిమిదేళ్ళ ప్రయాణం ఆ ముడిని ఎందుకు చెరపలేదు? క్వాంటం స్థితి చెడాలంటే దారిలో ఏదో ఒకటి ఆ ఫోటాన్‌ని తాకి, దాని గుట్టు తెలుసుకోవాలి. ఫోటాన్‌కి విద్యుదావేశం లేదు. నక్షత్రాల మధ్య ఘన సెంటీమీటరుకి సగటున ఒక్క అణువు ఉంటే గొప్ప. పలకరించే నాథుడే లేడన్నమాట.

మరి నష్టం ఎక్కడ? 2016లో చైనా పంపిన మిసియస్ ఉపగ్రహం దీనికి జవాబు చెప్పింది. అందులో సెకనుకి 59 లక్షల పెనవేసుకున్న ఫోటాన్ జంటలు పుట్టేవి. 1,203 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు కేంద్రాలకి చేరినవి సెకనుకి దాదాపు ఒక్క జంట! కిరణం విచ్చుకుపోవడం వల్లా, చివర్న మన వాతావరణం వల్లా మిగతావి పోయాయి. కానీ చేరిన జంటల్లో ఆ పెనవేత చెక్కుచెదరలేదని 2017లో తేల్చారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్యాకెట్లు చాలా పోయాయి, వచ్చినవాటిలో డేటా మాత్రం చెడలేదు.

2018లో జైలింగర్ బృందం ఇంకా ముందుకెళ్ళింది. కెనరీ దీవుల్లో పెనవేసుకున్న జంటల్ని తయారుచేసి, ఒక్కొక్క ఫోటాన్‌ని ఎలా కొలవాలో నిర్ణయించే పని రెండు క్వేజార్ల వెలుతురుకి అప్పగించారు. ఆ వెలుతురు ఒకచోట 780 కోట్ల ఏళ్ళ కిందటా, మరోచోట 1,220 కోట్ల ఏళ్ళ కిందటా బయల్దేరింది. దాని రంగుని బట్టి నిర్ణయం. విశ్వం వ్యాకోచిస్తుంది కనక రంగు ఎరుపువైపు జరుగుతుంది, నిజమే. అయితే ఎంత జరిగిందో లెక్కకట్టొచ్చు. అంతకుమించి రంగు దారిలో మారలేదన్న నమ్మకం మీదే ఆ ప్రయోగమంతా నిలబడింది.

నిన్న ఇదంతా నాన్నకి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే దారంతా బాగానే ఉంది, గుమ్మం దగ్గరే ఇబ్బందన్నమాట" అన్నారు. కాసేపాగి, "ఇంతకీ నువ్వెప్పుడొస్తున్నావు?" అని అడిగారు.

దానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.