రెండు తలల పాముకు కోట్లు.. రైస్ పుల్లర్‌కు వేల కోట్లు! ఇంతకీ ఆ డబ్బులిచ్చేది ఎవరు?

రెండు తలల పాము దొరికితే కోట్లు.. రైస్ పుల్లర్ ఉంటే వేల కోట్లు.. పాత ఐదు రూపాయల నోటుకు లక్షలు! ఫోన్ తెరిస్తే చాలు ఇలాంటి వీడియోలే. అనంతగిరి అడవులున్న వికారాబాద్‌లోనైనా, కంది చేలున్న తాండూరులోనైనా.. చేలో పాము కనిపించినా, పాత ఇంట్లో రాగి చెంబు బయటపడినా ఈ మాటే గుర్తొస్తుంది. మరి వీటికి నిజంగా అంత ధర ఉందా? చూద్దాం.

రెండు తలల పాము

దీని అసలు పేరు రెడ్ శాండ్ బోవా. దీనికి ఉన్నది ఒక్క తలే. తోక మొద్దుగా, గుండ్రంగా ఉండటంతో అదీ తలలాగే కనిపిస్తుంది. శత్రువు వస్తే తల దాచుకుని తోక పైకి లేపుతుంది. అంతే తేడా. విషం ఉండదు. గుప్తనిధులు చూపిస్తుందని, రోగాలు తగ్గిస్తుందని చెప్పేవన్నీ ఉత్త మాటలే.

బరువు ఎక్కువుంటే ధర ఎక్కువని నమ్మించి, కొన్ని ముఠాలు పాము నోట్లో సీసం గుండ్లు కుక్కుతాయి. తోక మీద కాల్చి కళ్లలాంటి గుర్తులు పెడతాయి. నిజానికి ఈ పాము విలువ పొలంలోనే ఉంది. పంటను పాడుచేసే ఎలుకలే దీని ఆహారం. 2022లో జీఐ ట్యాగ్ దక్కించుకున్న తాండూరు కంది పండే నేలకు ఇంతకన్నా ఏం కావాలి?

అలుగు, నక్షత్ర తాబేలు

అలుగు పొలుసుల్లో ఉండేది కెరాటిన్. అంటే మన గోళ్లలో ఉండే పదార్థమే. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్నది కేవలం నమ్మకం. ఈ తాబేలు అంతర్జాతీయ వ్యాపారంపై 2019లో పూర్తి నిషేధం పడింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. అలుగు లాంటి షెడ్యూల్ 1 జంతువుల కేసుల్లో 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా ఉంటుంది.

రైస్ పుల్లర్

పిడుగు పడిన రాగి పాత్రలో ఇరిడియం చేరుతుందని, అది బియ్యాన్ని లాగుతుందని చెబుతారు. ఇరిడియం నిజమైన లోహమే, 1803లోనే కనుక్కున్నారు. కానీ అది బియ్యాన్ని లాగదు. పాత్రలో అయస్కాంతం దాచి, గింజలకు ఇనుప రజను పట్టించి డెమో చూపిస్తారు. తర్వాత టెస్టింగ్ ఫీజు, సైంటిస్టుల ఖర్చు అంటూ వసూళ్లు మొదలు. 2018లో ఢిల్లీ పోలీసులు ఓ తండ్రీకొడుకులను అరెస్ట్ చేశారు. నాసా రూ.37,500 కోట్లకు కొంటుందని చెప్పి ఓ వ్యాపారి నుంచి రూ.1.43 కోట్లు కొట్టేశారన్నది కేసు.

పాత నోట్లు, నాణేలు

తమ పేరు చెప్పి పాత నోట్ల అమ్మకాలకు కమీషన్, పన్ను అడిగితే నమ్మొద్దని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది.

మరి నిజంగా కోట్లు పలికేవి?

ఉన్నాయి. మన గోల్కొండ గనుల్లో దొరికిన ప్రిన్సీ వజ్రం బరువు 34.65 క్యారెట్లు. 2013లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 3.93 కోట్ల డాలర్లు పలికింది. నిజాం నగల్లో జాకబ్ డైమండ్ సహా 173 వస్తువులను కేంద్రం 1995లో రూ.218 కోట్లకు కొన్నది. వీటన్నిటికీ చరిత్ర ఉంది, కాగితాలు ఉన్నాయి, పది మందికీ తెలిసేలా అమ్మకం జరిగింది. లాడ్జి గదిలో గుట్టుగా చేతులు మారలేదు.

మోసాన్ని ఇలా పసిగట్టండి

* కొనేవాడు ఎప్పుడూ కనిపించడు.. మధ్యవర్తులే ఉంటారు.
* అమ్మేవాళ్లనే ముందు ఫీజు కట్టమంటారు.
* ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటారు.

ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా అక్కడే ఆగిపోండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి, ఎవరైనా బెదిరిస్తుంటే 100కి ఫోన్ చేయాలి. పాము కనిపిస్తే పట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెబితే చాలు.