మన్యంలో మకాం, మన్యపు భోజనం: అరకు ప్రాంతంలో ఉద్యోగ ప్రయాణాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యోగరీత్యా కొండ ప్రాంతానికి వెళ్లినవారు అక్కడి దృశ్యాలు చూడటం, అక్కడి తిండి రుచి చూడటం నేడు సాధారణ విషయం. తూర్పు కనుమల మన్యంలో ఈ అలవాటుకు ఒక పరిపాలనా చరిత్ర ఉంది. వచ్చినవారికి భోజనం ఎవరు సమకూర్చారు, ఏ షరతుపై సమకూర్చారు అనే ప్రశ్నతో ఆ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మన్యం, ఏజెన్సీ, వెట్టి, మకాం, బొంగు చికెన్, పర్యాటకం.

ఉపోద్ఘాతం

అరకు లోయకు వెళ్లేవారందరూ విహారయాత్రికులు కారు. తనిఖీకి, ఎన్నికల విధులకు, సర్వేకు, సదస్సుకు, క్షేత్రపర్యటనకు వచ్చినవారు కూడా పని ముగియగానే బొర్రా గుహలు చూస్తారు, బొంగు చికెన్ తింటారు, కాఫీ పొడి కొనుక్కుని వెళ్తారు. ఇందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. అయితే ఇటువంటి ప్రయాణాల గురించిన రచనల్లో చూసిన దృశ్యానికి, తిన్న రుచికి దక్కే చోటు వండినవారికి, మోసినవారికి దక్కదు. మన్యం విషయంలో ఈ లోపం చిన్నది కాదు. ఎందుకంటే అక్కడ ఆతిథ్యం చాలాకాలం అధికారానికి చెల్లించిన పన్ను వంటిది.

1. మకాం కాలం

1839 నాటి చట్టం గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ న్యాయపాలన నుంచి తప్పించి, కలెక్టరుకు ప్రభుత్వ ఏజెంటుగా ప్రత్యేక అధికారాలిచ్చింది. ‘ఏజెన్సీ’ అనే వాడుక దీని నుంచే వచ్చింది. కొండలెక్కడం అధికారుల ఉద్యోగంలో భాగమైంది. బండి నడిచే దారి లేనిచోట గుడారం, మంచం, వంటపాత్రలు, కాగితాల పెట్టెలు మనుషుల భుజాలమీదనే ప్రయాణించాయి. మకాం వేసినచోట కోళ్లు, కట్టెలు, ధాన్యం గ్రామస్థులే తెచ్చి ఇవ్వాలి. ఈ చాకిరికి కూలి, సరుకుకు ధర ఇవ్వకపోవడమో, నామమాత్రంగా ఇవ్వడమో జరిగేది. ఇదే వెట్టి. అధికారి పళ్లెంలోని కోడి అతనికి స్థానిక రుచి కావచ్చు; గ్రామానికి మాత్రం అది తప్పించుకోలేని బాధ్యత.

విశాఖపట్టణం జిల్లాపై కార్మైకేల్ 1869లో వెలువరించిన మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో రూపొందించిన గెజిటీరు నేటికీ పరిశోధకులకు విలువైన ఆధారాలు. అయితే అవి పాలనావసరాల కోసం పుట్టిన గ్రంథాలు. పెట్టె మోసిన మనిషి సొంత మాటను వాటిలో ఆశించలేము.

ఆ మాట ఫితూరీల్లో వినిపించింది. అరకుకు నైరుతి దిక్కున ఉన్న గూడెం కొండల్లో, నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి తహశీల్దారు బాస్టియన్ గిరిజనులచేత చేయించిన వెట్టిచాకిరి 1922 తిరుగుబాటుకు గల కారణాల్లో ముఖ్యమైనది. అల్లూరి సీతారామరాజు దళం ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై తొలి దాడి చేసింది. పైనుంచి వచ్చేవారి ప్రయాణాన్ని సుగమం చేసే రోడ్డే కొండవాసుల ఆగ్రహానికి కారణమైందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

2. భాష నేర్చుకున్న ప్రయాణికుడు

కొండకు వెళ్లినవారందరూ ఒకే తీరున వెళ్లలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) సవరల మధ్య తిరిగి వారి భాషను నేర్చుకున్నారు. ఆ ప్రయాణాల్లో సోకిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. ఆయన కృషి ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం, 1930లలోనే సవర నిఘంటువు వెలువడ్డాయి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆయన పాటుపడ్డారు. అధికారి మకాం గ్రామం నుంచి తీసుకున్నది. గిడుగు కూడా తీసుకున్నారు, కాని తీసుకున్న భాషను బడి రూపంలో తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించారు. క్షేత్రపర్యటన చేసే పరిశోధకుడికి ఈ తేడా ముఖ్యం.

3. రైలు, తోట, కాఫీ

నేటి పర్యాటక దృశ్యాల్లో కొన్ని విహారం కోసం పుట్టినవి కావు. అరకులోని పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి ఏర్పడింది. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి విశాఖ రేవుకు చేర్చే ఉద్దేశంతో నిర్మించారు. ఆ మార్గంలోని సొరంగాల మధ్య 2017 నుంచి అద్దాల బోగీ నడుస్తున్నది. పోడు సాగుకు ప్రత్యామ్నాయంగా ప్రభుత్వం ప్రోత్సహించిన కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. బయటివారి అవసరం కోసం వచ్చినవే తరువాత చూడదగ్గవిగా, రుచి చూడదగ్గవిగా మారాయి.

4. బొంగు ఎవరిది?

బొంగు చికెన్ నేడు అరకుకు చిహ్నం వంటిది. ఉప్పు, కారం, మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులమీద కాలుస్తారు. నూనె అక్కరలేదు. అయితే కొండవాసుల నిత్యాహారం ఇది కాదు. చోడి అంబలి, సామలు, కొర్రలు, కంద దుంపలు, వెదురు కొమ్ములు వారి తిండికి ఆధారాలు. పర్యాటకుని పళ్లెం వీటిలో ఒకదాన్నో రెండింటినో ఎంచుకుని తక్కినవాటిని వదిలేస్తుంది. అంబలిని పేదరికానికి గుర్తుగా, బొంగు చికెన్‌ను సంస్కృతికి గుర్తుగా చూసే దృష్టి ఇక్కడే మొదలవుతుంది.

వంటకంతోపాటు వనరు కూడా ప్రశ్నే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, వాటిపై అడవిలో నివసించే ప్రజల హక్కును గుర్తించింది. అంతకుముందు, 1997లో, అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంత గనుల లీజులపై వచ్చిన సమత తీర్పులో, షెడ్యూల్డు ప్రాంత భూములను ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు చెప్పింది. యాత్రికుడు చూసే గుహ, తినే బొంగు రెండూ ఈ హక్కుల చరిత్రలోనివే.

ముగింపు

వెట్టి కాలంతో పోలిస్తే నేటి ప్రయాణికుడు తిన్నదానికి డబ్బు చెల్లిస్తున్నాడు. ఇది పెద్ద మార్పు. కాని ఆ డబ్బు వండినవారికి, వెదురు కొట్టి తెచ్చినవారికి, చోళ్లు పండించినవారికి ఎంత చేరుతున్నదన్నది నేటి ప్రశ్న. మన్యానికి పనిమీద వెళ్లే అధ్యాపకులు, పరిశోధకులు తమ క్షేత్రపుస్తకంలో వంటకం పేరుతోపాటు దాన్ని వండినవారి భాషలో దానికి ఉన్న పేరును, చెల్లించిన ధరను, అది చేరిన చేతిని కూడా నమోదు చేయడం అవసరం. గెజిటీర్లలో కనిపించని మనిషి రేపటి పరిశోధనలోనైనా కనిపించడానికి అది మొదటి ఆధారం అవుతుంది.