దత్తమండలమున నీరు, శిస్తు

అనంతపుర మండలమున భూమికి కొదవ లేదు, నీటికే కొదవ. నైరుతి మేఘము పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి రిక్తహస్తమై వచ్చును. ఈశాన్య మేఘము తన సొమ్మంతయు సముద్రతీరముననే వెచ్చించి వచ్చును. ఇట్టి సీమలో భూస్వామికిని కాపునకును పుట్టిన తగవు మూలమరసినచో ఏ బావికడనో చెరువుకట్టకడనో తేలును. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఆ భూస్వామి ఏ జమీందారుడో కాడు. సాక్షాత్తు ఈస్టిండియా కంపెనీయే.

1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తము చేసెను. థామస్ మన్రో ప్రధాన కలెక్టరై అనంతపురమున కచ్చేరి పెట్టెను. 1802లో పైమాయిషీ మొదలయ్యెను. గొలుసు 33 అడుగులు. గొలుసు చదరము గుంట. 40 గుంటలు ఎకరము. ఈ లెక్క పల్లెలలో నేటికిని నోటనున్నదే. ఎకరములు దాచిన కరణములు లేరనుట సత్యము కాదు. అందుకే కొలిచినదానిని మరల కొలిపించిరి. భూమిని మెట్ట, తరి, తోట యని మూడు తరగతులు చేసి శిస్తు కట్టిరి.

చిక్కంతయు తోటలోనున్నది. తోటయనగా బావినీటి భూమి. బావి త్రవ్వించినది కాపు. రాతికట్టు కట్టించినది కాపు. కపిలకు ఎద్దులను, తోలుబానను, మోకును సమకూర్చినది కాపు. శిస్తు హెచ్చుగా గొన్నది కంపెనీ. వేసవిలో చెరువడుగు బీటలు వారినపుడు ఊరివారి కడవలు నిండుట ఇట్టి బావులవలననే గదా! అది పూడినచో ఎండునది తోట యొక్కటే కాదు. పూర్వపు ప్రభువులీ మర్మమెరుగుదురు. చెరువో బావియో కట్టించినవానికి దశబంధమను పేర మాన్యమిచ్చి, మరమ్మతు వానిపై నుంచెడివారు.

1807 ఆగస్టు 15వ తేదీ నివేదికలో మన్రో తాను కట్టిన శిస్తునే తగ్గింపుడని కోరెను. ప్రభుత్వభాగము పంటలో నూటికి 45 వరకు పోవుచున్నదనియు, మూడవవంతు మించినచో భూమికి వెల యుండదనియు ఆతని వాదము. ఎల్లభూములకు నూటికి 25. బావినీటను, ఏటినుండి యంత్రముతో నెత్తిన నీటను పండువానికి మరి 8, వెరసి 33 తగ్గింపవలెను. బావులను కాపులే బాగుచేసికొనవలెను. చిన్న చెరువుల మరమ్మతునకు ఒడంబడినచోటను అట్లే. ఏటికేడు భూమిని విడుచుటకును క్రొత్తది పట్టుటకును రైతునకు స్వేచ్ఛ యుండవలెను. దశబంధపు న్యాయమే పరదేశి కలమునుండి తిరిగి వచ్చినట్లున్నది.

కంపెనీ ఒప్పుకొనలేదు. మన్రో స్వదేశమునకు పోయెను. మూడేండ్లకు, పిదప పదేండ్లకు ఊళ్లను గుత్తకిచ్చిరి. హెచ్చుశిస్తు మీద గుత్త పాడినవారు పెక్కురు చెడిరి. వారిక్రింది కాపులును చెడిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరై వచ్చిన పిదపగాని తగ్గింపు కాపుల చేతికందలేదు.

మన్రోలప్ప యని బిడ్డలకు పేరు పెట్టుకొన్న సీమ యిది. అయినను ఆతని రైతువారీలో ఒకని బాకీ నూటికి 10 వరకు ఊరివారిపై పడెడిదని మరువరాదు. పొరుగువాని బావి యెండిన దండుగ తడిబావివానికి!

1827 జూలై 6న పత్తికొండలో మన్రో కలరాతో మరణించెను. ఆ రోగము నీటివలన వ్యాపించునని నాటివారెరుగరు. ఆతని జ్ఞాపకార్థము అచ్చట ప్రభుత్వము రాతిమెట్ల బావి కట్టించి, తోపు వేయించెను.