పిక్చర్ ట్యూబుల గోపురం: వీడియో కళను కాపాడటంలో చిక్కులు

దక్షిణ కొరియాలో సోల్ పక్కనే ఉన్న గ్వాచన్ జాతీయ కళా మ్యూజియంలో 1,003 టీవీలు పేర్చిన కట్టడం ఒకటుంది. ఎత్తు 18.5 మీటర్లు. గుడి గోపురంలా పైకి పోనుపోను సన్నబడుతుంది. వీడియో కళకు ఆద్యుడిగా పేరుపడ్డ నామ్ జూన్ పైక్ 1988లో, సోల్ ఒలింపిక్స్ జరిగిన ఏడాదే, దీన్ని నిలబెట్టాడు. టీవీల లెక్క ఊరికే వచ్చింది కాదు. 1,003 అంటే పదో నెల, మూడో తేదీ; అక్టోబర్ 3 కొరియా జాతి అవతరణ దినం.

2018 ఫిబ్రవరిలో ఈ టీవీలన్నీ ఆపేశారు. ముసలి సెట్లు వేడెక్కి ప్రమాదం తెచ్చేలా తయారయ్యాయి. 2003లో ఒకసారి మానిటర్లన్నీ మార్చినా, ఈసారి మార్చుదామంటే ఆ రకం సరుకే బజారులో లేదు. డబ్బా టీవీల తయారీ అప్పటికే మూతబడింది. బొమ్మలను డిజిటల్ ఫైళ్లలోకి ఎక్కించడం తేలికే. వాటిని చూపించే గాజు పెట్టె మాటేమిటి?

పెట్టె కూడా కళలో భాగమేనా అన్నది పైక్ తొలి రచనల దగ్గరే తేలుతుంది. 1963లో జర్మనీలోని వుప్పర్‌టాల్‌లో ఆయన టీవీల లోపలి సర్క్యూట్లు మార్చి, వాటిమీద వచ్చే ప్రసారాన్ని వంకర్లు తిప్పాడు. 1965 నాటి ‘మ్యాగ్నెట్ టీవీ’లో నలుపు తెలుపు సెట్టు నెత్తిన గుర్రపు నాడా ఆకారపు పెద్ద అయస్కాంతం కూర్చుంటుంది. ట్యూబు మెడలోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ పుంజాన్ని అది పక్కకు లాగితే తెరమీద వెలుగు మెలికలు పడుతుంది. పాత స్పీకర్ అయస్కాంతాన్ని ఇంట్లో టీవీకి ఆనించి తిట్లు తిన్నవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఎల్‌సీడీలో ఆ పుంజమే లేదు. అయస్కాంతం పెట్టినా అక్కడ దానికి పనిలేదు.

గ్వాచన్ మ్యూజియం నడిమి దారి పట్టింది. 737 పిక్చర్ ట్యూబ్ మానిటర్లను బాగుచేసో, వాడిన సెట్లు వెతికి తెచ్చో నిలబెట్టింది. దొరకని చిన్న సైజువి, 266, ఎల్‌సీడీలుగా మార్చింది. పైన ఉండే చిన్న తెరలు చూపరికి దూరం కాబట్టి ఈ సర్దుబాటు సబబే అనిపిస్తుంది. పైగా ఇక్కడ గొప్పంతా గుంపుగా మెరిసే తెరలది. ‘మ్యాగ్నెట్ టీవీ’కి ఇదే వైద్యం చేస్తే మిగిలేది బొమ్మ టీవీ. అందుచేత అన్నిటికీ ఒకే నియమం పనికిరాదు. ఏ రచన దేనిమీద ఆధారపడిందో ముందు తేల్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ మీద బతికే కళకూ గండాలున్నాయి. అడోబీ కంపెనీ 2020 డిసెంబర్ 31న తన ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆపేయగానే, దానితో చేసిన ఇంటర్నెట్ కళాకృతులు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. అయితే ఫ్లాష్‌ను అనుకరించే ప్రోగ్రాములు రాసుకోవచ్చు, రాశారు కూడా. గాజు ట్యూబు అలా రాస్తే వచ్చేది కాదు.

గోపురం 2022 సెప్టెంబర్‌లో మళ్లీ వెలిగింది. ఉన్న ట్యూబుల ఆయుష్షు పొదుపు చేసుకోవాలి గనుక వారానికి 4 రోజులు, రోజుకు 2 గంటలు మాత్రమే నడపాలని మ్యూజియం నిర్ణయించింది.