అనుమానం, జాంగలం: అర్థం మారిన రెండు శాస్త్రపదాలు

నేటి తెలుగులో "అనుమానం" అంటే సందేహం. భక్తికి అనుమానం శత్రువని లోకోక్తి. న్యాయదర్శనంలో మాత్రం ఈ పదానికి దాదాపు విరుద్ధమైన అర్థం ఉంది. అక్కడ సందేహానికి "సంశయం" అని వేరే పేరు. సంశయం విచారణకు ఆరంభం. అనుమానం ఆ విచారణను నిశ్చయానికి చేర్చే ప్రమాణం.

గౌతముని న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించాయి. క్రీ.శ. 5వ శతాబ్ది ప్రాంతంలో వీటికి భాష్యం రచించిన వాత్స్యాయనుడు అనుమానానికి ఉదాహరణలను ప్రకృతినుండే గ్రహించాడు. మేఘోదయాన్ని చూసి వర్షం కురవబోతున్నదని గ్రహించడం "పూర్వవత్తు". ఇది కారణంనుండి కార్యానికి సాగుతుంది. నది నిండుగా, వడిగా పారడం చూసి ఎగువన వర్షం కురిసిందని గ్రహించడం "శేషవత్తు". ఇది కార్యంనుండి కారణానికి సాగుతుంది.

దీనిపై పూర్వపక్షం కూడా ఆ సూత్రాలలోనే ఉంది. ప్రవాహానికి అడ్డుపడినా నది నిండుతుంది. గూడు చెదిరినా చీమలు గుడ్లు మోసుకుపోతాయి. మనిషి అనుకరించినా నెమలికూత వినిపిస్తుంది. అట్టి చిహ్నాలతో వర్షాన్ని నిర్ణయించడమెట్లా? సిద్ధాంతి సమాధానం సూక్ష్మమైనది. అడ్డుపడి నిలిచిన నీరు వేరు, వర్షపు వెల్లువ వేరు. వెల్లువకు వేగం ఉంటుంది; అందులో నురుగు, పండ్లు, ఆకులు, కట్టెలు కొట్టుకువస్తాయి. ఈ విశేషాలను గమనించక తొందరపడితే ఆ అపరాధం అనుమానించినవానిదే గాని అనుమానానిది కాదని భాష్యకారుని నిర్ణయం.

క్రీ.శ. 10వ శతాబ్దిలో ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరాస్తిత్వాన్ని సాధించినది ఈ అనుమానంతోనే. 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో బాలురకు సైతం దీనిని సుబోధం చేశాడు. అనుమానాన్ని భక్తికి విరోధిగా భావించే సాధకుడు ఆస్తికతకు ఆచార్యులు ఇచ్చిన ఆయుధాన్నే దూరం చేసుకుంటున్నాడు.

శాస్త్రప్రవృత్తి ఉద్దేశం, లక్షణం, పరీక్ష అని మూడు విధాలని వాత్స్యాయనుడే చెప్పాడు. మొదట పదార్థాన్ని పేరుతో పేర్కొనాలి. తరువాత దానిని ఇతరాలనుండి వేరుచేసే ధర్మాన్ని చెప్పాలి. పిదప ఆ ధర్మం సరిగా పొసగుతున్నదో లేదో విచారించాలి. లక్షణాన్ని మరచి పేరునే పట్టుకుంటే ఏమవుతుందో "జాంగలం" అనే పదం చూపుతుంది.

ఆయుర్వేదం భూమిని జాంగలం, అనూపం, సాధారణం అని విభజించింది. చరకసంహిత ప్రకారం జాంగలం విశాలాకాశం, ఎండ, గాలి మెండుగా గల పొడినేల. అక్కడ చండ్ర, జమ్మి, రేగు వంటి చెట్లుంటాయి. ఇసుకనేలపై మృగతృష్ణ కనిపిస్తుంది. అనూపం జలసమృద్ధమైన ప్రదేశం. జాంగలంనుండి వచ్చిన "జంగిల్" నేడు దట్టమైన అడవికి పేరయింది. రాజు జాంగలదేశంలో నివసించాలన్న మనుస్మృతి విధిని ఈ కొత్త అర్థంతో చదివితే రాజు కీకారణ్యంలో కాపురముండాలని తోస్తుంది. ఆ విధి ఉద్దేశించినది పైరుపంటలతో కూడిన మెట్టభూమిని.

ఈ విభాగం కేవలం వర్ణన కాదు, దానికి కొలత కూడా ఉండేది. ధాన్యాగారంవద్ద అరత్ని వెడల్పు మూతిగల కుండను వర్షమానంగా నిలపాలని కౌటిలీయ అర్థశాస్త్రం విధించింది. జాంగలానికి 16 ద్రోణాలు, అనూపానికి అందులో సగం అధికంగా, అనగా 24 ద్రోణాలు వర్షప్రమాణంగా పేర్కొన్నది. గోదావరీతీరపు అశ్మకదేశానికి కూడా అందులో ప్రత్యేక ప్రమాణం ఉంది. అశ్మకుల రాజధాని నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

ఉద్దేశం, లక్షణం, పరీక్ష అనే మూడు పదాలూ నేటి తెలుగులో సజీవంగా ఉన్నాయి. కాని ఉద్దేశం అంటే అభిప్రాయంగా, పరీక్ష అంటే విద్యార్థి వ్రాసే ప్రశ్నపత్రంగా మిగిలాయి. శాస్త్రగ్రంథాన్ని తెరిచే జిజ్ఞాసువు పరిచితమైన పదం కనబడినచోటనే ఒక్క క్షణం ఆగి, దాని లక్షణం ఏమని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నతోనే పరీక్ష మొదలవుతుంది.