న్యూఢిల్లీ: వాలు వెనుక దాగిన రాజభవనం

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాలు సానపట్టే కార్ఖానాలకు పేరుపడ్డ ప్రాంతం. కోణం విలువ ఏమిటో అక్కడి పనివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. రాయి అడుగుభాగాన్ని చెక్కే కోణంలో తేడా వస్తే, లోపలికి వెళ్ళిన కాంతి పైకి తిరిగి రాకుండా అడుగు నుంచే జారిపోతుంది. మెరుపు పోతుంది. సూరత్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలు (అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది) సెలవుల్లో ఢిల్లీ వెళ్తే, కోణం చేసిన ఇలాంటి చిత్రాన్నే దేశ రాజధాని నడిబొడ్డున చూడవచ్చు.

1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించాడు. కొత్త నగరానికి ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ ప్రధాన వాస్తుశిల్పులు. రైసీనా, మాల్చా గ్రామాల రైతుల భూములను 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. యాత్రికుల కరపత్రాల్లో ఈ మాట సాధారణంగా ఉండదు. వైస్రాయి భవనం రైసీనా గుట్ట మీద నిలిచి, ఎంత దూరం నుంచైనా ప్రజలకు కనబడుతూ ఉండాలి. అదీ ఆలోచన!

ఇప్పుడు మీరు ఇండియా గేటు దగ్గర నిలబడి పడమటికి చూడండి. ఒకప్పటి వైస్రాయి భవనం, నేటి రాష్ట్రపతి భవన్, దూరాన కనబడుతుంది. దాని వైపు నడవండి. దగ్గరయ్యేకొద్దీ భవనం పెద్దదిగా కనిపించాలి కదా? కాని విజయ్ చౌక్ చేరేసరికి గుమ్మటం పైభాగం తప్ప మిగతాదంతా నేలలోకి కుంగినట్లు మాయమవుతుంది. వాలు ఎక్కితే మళ్ళీ లేచి వస్తుంది.

కారణం తేలికే. ప్రహరీగోడకు ఆనుకొని నిలబడితే లోపలి ఇల్లు కనబడదు. నాలుగడుగులు వెనక్కి వేస్తే కనబడుతుంది. ఇక్కడ ప్రహరీగోడ పని చేస్తున్నది వాలు పైఅంచు.

మొదట గుట్ట మీద వైస్రాయి భవనం ఒక్కటే ముందుకు ఉండవలసింది. సచివాలయ భవనాలు కూడా అదే ఎత్తున ఉండాలని బేకర్ పట్టుబట్టాడు. దాంతో భవనం వెనక్కి జరిగింది. 1913లో లుట్యెన్స్ కూడా ఇందుకు ఒప్పుకున్నాడు. వాలు వల్ల భవనం మరుగున పడుతుందని తెలిసి, వాలు తగ్గించమని కోరాడు. ఖర్చు పెరుగుతుందని 1916లో అధికారులు కాదన్నారు. ఇద్దరి పాత స్నేహం చెడిపోయింది. లుట్యెన్స్ కోపం న్యాయమే అనిపిస్తుంది, కాని నక్షా మీద సంతకం చేసింది తానే కదా!

నగరానికి 1931 ఫిబ్రవరి 13న ప్రారంభోత్సవం జరిగింది. పదహారున్నర ఏళ్ళకే ఆ భవనం స్వతంత్ర భారతానికి దక్కింది. లోపల చూడాలంటే ముందుగా నమోదు చేసుకోవాలి.

తిరిగి ఇండియా గేటుకు రండి. చుట్టూ ఉన్న సంస్థానాధీశుల భవనాల్లో హైదరాబాద్ హౌస్ ఒకటి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం లుట్యెన్స్ దీన్ని సీతాకోకచిలుక ఆకారంలో రూపొందించాడు. దగ్గరలోని ఛత్రం కింద ఉండిన అయిదవ జార్జి విగ్రహాన్ని 1968లో తొలగించారు. 2022 సెప్టెంబరు 8న అక్కడ నేతాజీ సుభాష్ చంద్రబోస్ శిలావిగ్రహాన్ని ఆవిష్కరించారు. రాజ్‌పథ్ కర్తవ్యపథ్ అయిందీ ఆ రోజే. విగ్రహం ఎత్తు 28 అడుగులు. అందుకు వాడిన 280 టన్నుల గ్రానైట్ రాయి మన ఖమ్మం నుంచి 140 చక్రాల వాహనం మీద 1,665 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చింది.