అందుగు బంక - కీళ్ళ వాపు

నల్లమల కొండలలోని అమ్రాబాద్ ప్రాంతము 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండెను. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. ఆ కొండలపై పెరుగు చెట్లలో అందుగు ఒకటి. దాని బెరడుకు గాటు పెట్టినచో సువాసన గల బంక కారును. సంస్కృత వైద్యగ్రంథములలో ఈ చెట్టు పేరు సల్లకి. కీళ్ళ నొప్పులకు ఈ బంకను వాడుట ప్రాచీనాచారము. అయితే ఆచారము ప్రాచీనమైనంత మాత్రమున మందు పనిచేయునని చెప్పవీలులేదు. దానిని పరీక్షింపవలెను.

ముల్లు గుచ్చుకొన్నచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగును. ఇదియే శోథము. దెబ్బతిన్న కణములు రసాయన సంకేతములు పంపగా తెల్ల రక్తకణములు అచ్చటికి చేరును. ఇది శరీరరక్షణకు అవసరమే. కాని కీళ్ళలో శోథము ఏండ్ల తరబడి నిలిచినచో, రక్షించవలసిన కణములే కీలును పాడుచేయును.

శోథమును కొలుచుటకు 1962లో వింటర్, ఆయన సహచరులు ఒక సులభ పద్ధతిని ప్రకటించినారు. సముద్రపు నాచు నుండి తీసిన కారజీనన్‌ను ఎలుక పాదములోనికి ఎక్కించి, వాపును కొలుతురు. మందు ఇచ్చిన ఎలుకలలో వాపు తగ్గినదా అని పోల్చి చూతురు. 1986లో సింగ్, అటల్ అను శాస్త్రజ్ఞులు ఈ విధముగా అందుగు బంక సారమును పరీక్షించగా వాపు తగ్గినది. అధివృక్క గ్రంథులు తొలగించిన ఎలుకలలో కూడ అంతే తగ్గినది. అనగా ఈ సారము ఆ గ్రంథుల హార్మోనుల ద్వారా పనిచేయుట లేదన్నమాట.

మరి ఏ మార్గమున? శోథ సంకేతములలో రెండు ముఖ్య వర్గములు అరాకిడానిక్ ఆమ్లము నుండియే పుట్టును. మొదటివి ప్రోస్టాగ్లాండినులు. ఆస్పిరిన్ వీటి తయారీని ఆపునని 1971లో జాన్ వేన్ చూపినారు. రెండవవి ల్యూకోట్రయీనులు. వీటిలో ఒకటి తెల్ల కణములను పిలుచు దూత వంటిది. జర్మనీలో అమ్మోన్, సఫాయీ ప్రభృతులు ఎలుకల తెల్ల కణములపై ప్రయోగములు చేసి, బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లములు ల్యూకోట్రయీనులను తయారుచేయు 5-లైపాక్సిజినేజ్ అను ఎంజైమును అడ్డగించునని 1992లో ప్రకటించినారు. ఆ ఆమ్లములలో ఒకటి ఆ ఎంజైముపై ఏ చోట అతుకుకొనునో 2020లో స్ఫటిక నిర్మాణము ద్వారా తెలిసినది.

అయినను ఎలుక పాదము మనిషి మోకాలు కాదు. పాదపు వాపు కొన్ని గంటలది. మోకాటి బాధ ఏండ్లది. పైగా మ్రింగిన ఆమ్లములలో కొద్ది భాగమే రక్తములో చేరును. 2003లో నాగపూరు వైద్యులు మోకాటి కీళ్ళ అరుగుదల గల 30 మందికి ఈ సారమునిచ్చి చూడగా నొప్పి తగ్గినది. ఆశ కలిగించు ఫలితమే. కాని 30 మంది చిన్న సంఖ్య.

ఇంకొక మాట. కీలు బాధలన్నియు ఒకటి కావు. నల్లగొండ జిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడు వలన కలిగిన వ్యాధిని సిద్దిఖీ 1955లో వర్ణించినారు. అచ్చట కీళ్ళు బిగియుటకు మూలము ఎముకలలో చేరిన ఫ్లోరైడు. శోథమును అణచు మందు దానిని తొలగింపజాలదు. అందుకు కావలసినది మంచినీరు. కారణమును తెలిసికొనిన పిమ్మటనే మందును ఎన్నుకొనవలెను.